గంటల్లో కొలిచే గోదారి

రాజమండ్రిలో కోటిలింగాల రేవు మెట్ల మీద నిలబడి, అవతల ఒడ్డున కొవ్వూరు ఎంత దూరమని అడిగితే రైలెక్కేవాళ్ళు మూడు కిలోమీటర్లు అంటారు. 1900లో తెరిచిన హేవలాక్ రైలు వంతెన పొడవు కాస్త తక్కువగా అంతే. అదే ప్రశ్న పడవవాణ్ణి అడిగి చూడండి. ఏ నెలలో, ఏ వేళప్పుడు, ఎంత నీరున్నప్పుడు అని మూడు ఎదురు ప్రశ్నలు వేస్తాడు. తలతిక్క కాదది. నీటిమీద దూరం గంటల్లో ఉంటుంది, ఆ గంటలు నది చేతిలో ఉంటాయి.

లెక్క వేద్దాం. అలవాటున్న మనిషి నిలకడ నీటిలో తెడ్డు వేస్తే గంటకు నాలుగు కిలోమీటర్లు పెద్ద ఆయాసం లేకుండా పోగలడు. గోదారి చెరువులా ఉంటే మూడు కిలోమీటర్ల వెడల్పు దాటడానికి 45 నిమిషాలు చాలు. ఇప్పుడు నీరు గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో పారుతోందనుకోండి. పడవ ముక్కును తిన్నగా కొవ్వూరు వైపే పెట్టి తెడ్డు వేసినవాడు 45 నిమిషాలకే ఒడ్డు చేరతాడు, కానీ ఒకటిన్నర కిలోమీటర్లు దిగువన తేలతాడు. అక్కణ్ణుంచి మళ్ళీ ఎగువకు లాక్కురావాలి. తెలిసినవాడు అలా చేయడు. పడవ ముందు కొసకు పల్లెకారుల మాట అణియం. ఆ అణియాన్ని 30 డిగ్రీలు ఎగువకు తిప్పి పెడతాడు. ఒడ్డున చూసేవాళ్ళకు వాడు పట్టిసీమ వైపు పోతున్నట్టు కనిపిస్తాడు, పడవ మాత్రం పక్కవాటుగా జరుగుతూ సరిగ్గా ఎదుటి రేవులో ఆగుతుంది. 52 నిమిషాలు పడుతుంది. ఏడు నిమిషాలు నదికి కట్టిన సుంకం.

ప్రవాహం గంటకు నాలుగు కిలోమీటర్లు దాటిందా, ఇక ఏ కోణమూ పనికిరాదు. అణియం ఎటు తిప్పినా దిగువకు కొట్టుకుపోవడమే. ఆ పరిస్థితి ఎప్పుడొస్తుందో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి కొలబద్ద చెబుతుంది. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అప్పుడు ఆనకట్ట దాటే నీరు సుమారు పది లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 28 వేల ఘనపు మీటర్ల పైమాట. మూడు కిలోమీటర్ల వెడల్పున, సగటున ఆరు మీటర్ల లోతున అంత నీరు పోవాలంటే గంటకు ఐదున్నర కిలోమీటర్లకు పైగా పరుగెత్తాలి. సగటే అంతైతే నడిగోదారిలో ఇంకా ఎక్కువ. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ అంకెను ఎవరి భుజబలంతోనూ పోల్చకూడదు.

ఇంకొంచెం గట్టిగా తెడ్డు వేస్తే సరిపోదా అని కుర్రాళ్ళకు అనిపిస్తుంది. సరిపోదు. నీటి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఒంటి శక్తి ఎనిమిది రెట్లు కావాలి. మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగింది 75 వాట్లకు అటూ ఇటూ. పాతకాలపు బల్బు ఒకటి వెలిగేంత. పైగా పడవ వేగం పెరిగేకొద్దీ తాను లేపిన అల మీదకు తానే ఎక్కాల్సి వస్తుంది. పొట్టి పడవకు ఈ ఎక్కుడు త్వరగా మొదలవుతుంది, పొడుగు పడవకు ఆలస్యంగా. దూరాలు పోయే నావలు సన్నగా పొడుగ్గా ఉండటం ఊరికే కాదు.

కాబట్టి ఎదురు పోయేవాడికి మిగిలిన ఉపాయం ఒకటే, నెమ్మది నీటిని వెతుక్కోవడం. దీని విలువ చూడండి. ఆరు కిలోమీటర్లు ఎగువకు పోయి తిరిగి రావాలి, నదివేగం గంటకు రెండు కిలోమీటర్లు, మన వేగం నాలుగు. ఎదురు పోయేటప్పుడు నికరంగా గంటకు రెండు, కాబట్టి మూడు గంటలు. దిగువకు గంటకు ఆరు, కాబట్టి ఒక గంట. మొత్తం నాలుగు గంటలు. నిలకడ నీటిలో ఇదే ప్రయాణం మూడు గంటలే. పోయేటప్పుడు నది లాక్కున్నది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగివ్వదు. అదే మనిషి ఒడ్డువార ప్రవాహం గంటకు ఒక కిలోమీటరే ఉన్నచోట చూసుకుని ఎగువకు పోయి, వచ్చేటప్పుడు నడిగోదారి పట్టుకుంటే? పోవడానికి రెండు గంటలు, రావడానికి ఒకటి. మొత్తం మూడు. ఎదురు ప్రవాహం ఖర్చు సున్నాకు దిగింది. గోదారి మీద పడవ నడపడంలో ఉన్న విద్యంతా ఇదేనంటే ఒప్పుకుంటాను. కండబలానికి అందులో రెండో స్థానమే.

నెమ్మది నీరు ఒడ్డువార ఎందుకుంటుంది? నది అడుగునూ గట్లనూ రాసుకుంటూ పారుతుంది. రాపిడి తగిలిన పొర నెమ్మదిస్తుంది, అది తన పక్కపొరను నెమ్మదింపజేస్తుంది, ఆ పొర మరోదాన్ని. అన్నిటికన్నా వేగంగా పోయేది లోతైన పాయ మధ్యలో, ఉపరితలానికి కాస్త కిందుగా ఉన్న నీరు. మలుపులో కథ మారుతుంది. అక్కడ బయటి గట్టు వైపు నీరు లోతు, వేగం. లోపలి వైపు ఇసుక, మెల్లని నీరు. ఆ ఇసుక అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్నను 1926లో పట్టించుకున్నవాడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. సాపేక్షత కనిపెట్టిన మనిషి నదుల వంకరల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. టీ గ్లాసులో చెంచాతో తిప్పి వదిలేస్తే అడుగున ఉన్న టీపొడి అంచులకు పోకుండా మధ్యలో పోగుపడుతుంది. గ్లాసు అడుగున రాపిడికి నీరు నెమ్మదించి, బయటికి విసిరే బలం అక్కడ తగ్గిపోతుంది. అంచున ఎత్తుగా లేచిన నీటి ఒత్తిడే గెలిచి అడుగునీటిని మధ్యకు తోస్తుంది, పొడి దానితో పోతుంది. నది మలుపులోనూ అంతే. పైనీరు బయటి గట్టును కొడుతుంది, అడుగునీరు ఇసుకను మోసుకుంటూ లోపలి గట్టుకు చేరుతుంది. బయట కోత, లోపల మేట.

గోదారి లంకల రైతులకు ఈ మాట ఐన్‌స్టీన్ చెప్పాల్సిన పనిలేదు. ఒక లంకలో కొబ్బరిచెట్లు గట్టుతో సహా ఏట్లో పడిపోతుంటే అవతలి పాయలో కొత్త ఇసుక తిన్నె లేస్తుంది. వరద వెళ్ళిన ప్రతి ఏడూ దారి కొంత మారుతుంది. ఈమధ్య ఇసుక తవ్వకాలూ తోడయ్యాయి. పడవల్లో పోయి మునిగి బకెట్లతో ఇసుక తీసే పనివాళ్ళు రాజమండ్రి రేవుల్లో చాలామంది. వాళ్ళు, యంత్రాలు కలిసి అడుగున చేసిన గోతులు పైకి కనిపించవు, నీటి నడక మాత్రం మార్చేస్తాయి. అందుకే నిరుటి దారిని నమ్మి ఈ ఏడు పడవ తోలడం తెలివైన పని కాదు.

మెల్లని నీరు లోతు తక్కువ నీరు కూడా కావడం పడవవాడికి కలిసొచ్చిన అదృష్టం. అక్కడ గెడ అందుతుంది. తెడ్డు నీటిని వెనక్కి తోస్తుంది. నీరు కదిలిపోతుంది కాబట్టి మన శక్తిలో ఒక వాటా నీటిని కదపడానికే ఖర్చయిపోతుంది. గెడ ఆనేది నేలను. నేల కదలదు. వేసిన బలమంతా పడవకే చెందుతుంది. ఇంకో సంగతి, పారే నీటిలో తెడ్డు ఆపితే వెనక్కి పోతాం, గెడ దిగేసి పట్టుకుంటే ఉన్నచోటే నిలుస్తాం. రబ్బరు పడవల్లో, ప్లాస్టిక్ కయాకుల్లో షికారు చేసే ఇప్పటివాళ్ళు గెడను మోటు పరికరంగా చూస్తారు. భౌతికశాస్త్రం ప్రకారం అది తెడ్డు కన్నా నాణ్యమైన యంత్రం. దాని లోపమల్లా లోతు పెరిగితే పనికిరాకపోవడమే.

లోతు పెరిగిన చోట తెరచాప ఉండేది. ఇక్కడ ప్రకృతి చేసిన ఏర్పాటు ముచ్చటైనది. రాజమండ్రి దగ్గర గోదారి దక్షిణానికి పారుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో సముద్రం నుంచి దక్షిణపు పైరగాలి వీస్తుంది. గాలి ఎగువకు, నీరు దిగువకు. చాప ఎత్తి పోవడం, చాప దించి రావడం. గాలి లేనప్పుడు మోకు కట్టి గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. ఇదీ గెడ సూత్రమే, కాళ్ళు ఆనేది నేలను కాబట్టి.

ఎగువకు పోయేకొద్దీ పట్టిసీమ, పోలవరం దాటాక కొండలు దగ్గరవుతాయి. పాపికొండల మధ్య గోదారి వెడల్పు కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. పైనుంచి వచ్చే నీరు మాత్రం తగ్గదు కదా. వెడల్పు పదోవంతైతే లోతూ వేగమూ కలిసి పదింతలు కావాలి. నది రెండు పనులూ చేస్తుంది. అడుగును తవ్వుకుని పదుల మీటర్ల లోతుకు దిగుతుంది, వరదలో పరుగు పెంచుతుంది. రాజమండ్రి దగ్గర ఏడెనిమిది అంతస్తుల మేడ మునిగే లోతు ఊహించలేం, ఇక్కడ అది మామూలు.

చూడ్డానికి ఇంత అందమైన చోటు ఆంధ్రదేశంలో తక్కువ. 1973లో బాపు తీసిన 'అందాల రాముడు' కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే పడవ మీదే నడుస్తుంది, ఆ తర్వాత షికారు లాంచీలకు కొరత లేదు. ఆ నునుపైన నీటి కింద జరిగేది వేరు. కొండచరియ ఒకటి నదిలోకి పొడుచుకొస్తే దాని వెనక నీరు వెనక్కి మళ్ళుతుంది. ముందుకు పోయే ధారా, వెనక్కి మళ్ళిన ధారా ఒకదాన్నొకటి ఒరుసుకునే గీత మీద సుళ్ళు పుడతాయి. చిన్న సుడి తెడ్డువాడికి మేలే చేస్తుంది. బండ వెనక మళ్ళిన నీటిలోకి దూరి విశ్రాంతి తీసుకోవచ్చు, అదే నీరు నాలుగడుగులు ఎగువకు మోసుకుపోతుంది కూడా. చిక్కంతా ఆ గీతను దాటేటప్పుడు. పడవ ముందుభాగం ఒక ధారలో, వెనకభాగం దానికి ఎదురు ధారలో ఉంటే పడవ గిర్రున తిరుగుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. జనం బెదిరి ఒకవైపుకు పరుగెత్తితే, లేదా అప్పటికే పై అంతస్తులో నిలబడి ఉంటే బరువు కేంద్రం పక్కకో పైకో పోయి ఒరుగుడు తిరిగి సర్దుకోదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ఎగువన కచ్చులూరు మందం దగ్గర వరద నీటిలో షికారు బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయారు. బోటును పైకి తీయగలిగింది అక్టోబరు 22న. నీటి లోతూ సుడి బలమూ అన్నాళ్ళు దగ్గరకు రానివ్వలేదు. ఆ మలుపును స్థానికులు ప్రమాదపు చోటుగా ముందునుంచీ ఎరుగుదురు.

2021 జూన్ నుంచి పోలవరం ఆనకట్ట దగ్గర గోదారి తన పాత దారి విడిచి స్పిల్‌వే మీదుగా పోతోంది. ఎగువన నీరు నిలబడటంతో దేవీపట్నం లాంటి ఊళ్ళు మునిగాయి. తెడ్డువాడి దృష్టితో చూస్తే రాజమండ్రి నుంచి పాపికొండలకు ఒకే పడవలో తిన్నగా పోయే దారి తెగిపోయినట్టే. ఎగువ ఒక జలాశయం, దిగువ ఒక నది, మధ్య గోడ.

దిగువన ఇంకో గోడ ఉంది, అది పాతది. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు లేరు. ఆయన పక్కన పనిచేసిన వీణం వీరన్న పేరు మాత్రం అందరికీ తెలియదు, తెలియాలి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు కట్టలు, మధ్యలో లంకలు. పాత కట్టడం స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. పడవ మీద ఉన్నవాడు దీని దగ్గరకు వెళ్ళకూడదు. ఎగువన గేటు కిందికి లాగే నీరు కంటికి కనిపించదు. దిగువన దుమికిన నీరు అడుగుకు పోయి, పైన మళ్ళీ గోడవైపే వెనక్కి తిరుగుతుంది. అందులో చిక్కిన దుంగ గంటల తరబడి అక్కడే దొర్లుతుంది. మనిషి చిక్కినా అంతే.

గోడ దాటడానికి కాటన్ పెట్టిన తలుపులు లాకులు. రెండు చివర్లా తలుపులున్న తొట్టి అది. పడవ లోపలికి వచ్చాక ఎగువ తలుపు మూసి, దిగువ తలుపులోని చిన్న తూము తెరిస్తే నీరు దిగువ మట్టానికి మెల్లగా దిగుతుంది, పడవ కూడా. ఏ ఇంజనూ అక్కర్లేదు, బరువు ఎంతైనా లాకుకు లెక్కలేదు. తలుపు రెక్కలు రెండూ ఎగువ వైపుకు కోసుగా కలుస్తాయి, కాబట్టి నీటి ఒత్తిడే వాటిని బిగించి పెడుతుంది. ఆరు మీటర్ల వెడల్పు తలుపుకు ఒకవైపు రెండు మీటర్ల నీరుండి రెండోవైపు ఖాళీ అయితే దాని మీద పడే బలం పన్నెండు టన్నులు. మట్టాలు సమానం కాకుండా పదిమంది కలిసి తోసినా తెరుచుకోదు, సమానమయ్యాక ఇద్దరు చాలు.

ఈ లాకుల మీదుగా గోదారి పడవ ఒకప్పుడు కాకినాడ కాలువలోకి దిగేది, లేదా ఏలూరు కాలువలోకి దిగి, కృష్ణా కాలువలు, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాటిపోయేది. కానీ ఒకే కాలువ పొలానికీ పడవకూ పనికిరావాలన్న ఆలోచనలో ఒక తగువు దాగి ఉంది. పడవకు కావలసింది నిలకడ నీరు. పొలానికి కావలసింది పారే నీరు. మరీ మెల్లగా పారితే ఒండ్రు దిగి కాలువ పూడుతుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. మరీ వేగమైతే గట్లు కోస్తుంది. పూడికా కోతా రెండూ లేని వేగమెంతో పంజాబు కాలువలను కొలిచి 1895లో కెనెడీ అనే ఇంజనీరు సూత్రం ఇచ్చాడు. ఆ లెక్కన రెండు మీటర్ల లోతు కాలువకు అది గంటకు మూడు కిలోమీటర్లు. మన తెడ్డువాడి నాలుగు కిలోమీటర్లలో మూడు ప్రవాహమే మింగేస్తుంది, గంటకొక్క కిలోమీటరు మిగులుతుంది. కాలువ గట్ల మీద పడవలు లాగేవాళ్ళు ఎందుకు కావలసి వచ్చారో ఈ అంకె ఒక్కటే చెబుతుంది. రైళ్ళు, తర్వాత లారీలు వచ్చాక గెలిచింది పొలమే. గెలవాల్సిందీ అదేనని నా ఉద్దేశం. 2008లో ఈ కాలువలనూ, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదారినీ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కడియం నర్సరీల పక్క నుంచి దిగువకు పోయే కాలువ ప్రయాణం హాయిగా ఉంటుంది, తిరుగు ప్రయాణానికి బస్సు ఎక్కడం మేలు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, అప్పుడు పడవ ఊసే లేదు.

ఆనకట్ట దిగువన గోదారి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. సముద్రం దగ్గర పడేకొద్దీ నదివేగం స్థానంలో పోటూ పాటూ లెక్కలోకి వస్తాయి. రోజుకు రెండుసార్లు నీరు ఎగువకు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఇక్కడ ఎదురు పోవడమన్నదే లేదు, సరైన వేళకు బయల్దేరితే రెండువైపులా నీరే మోస్తుంది. ఆ వేళ తెలుసుకోవడానికి పంచాంగం చాలు. చంద్రుడు రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు, అంటే రెండు ఘడియల పైచిలుకు, ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. పోటు కూడా అంతే వెనక పడుతుంది. ఒక రేవులో పౌర్ణమి నాడు పోటు ఎప్పుడొస్తుందో తెలిస్తే, చవితి నాడు ఎప్పుడో వేళ్ళ మీద లెక్క. అమావాస్య, పౌర్ణములకు సూర్యచంద్రుల లాగుడు ఒకే గీత మీదికి వచ్చి పోటు పెద్దది, అష్టమికి చిన్నది.

ఉప్పునీరు మంచినీటి కన్నా బరువు. పోటులో అది అడుగున దూరి ఎగువకు ఎక్కుతుంది. పైన మంచినీరు ఇంకా దిగువకే పారుతుండవచ్చు. ఎండాకాలంలో ఆనకట్ట నుంచి దిగువకు వదిలే నీరు తగ్గినప్పుడు ఉప్పు ఇంకా పైకి వస్తుంది, లంకల బావుల్లో రుచి మారుతుంది.

యానాం దాటి కోరంగి మడ అడవుల్లోకి పోతే దారులు సన్నని పాయలు. 1978లో అభయారణ్యం చేసిన ఈ చోటు దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. నీటిపిల్లులు, నీటికుక్కలు ఇక్కడివే. చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల ఊపిరి వేళ్ళు పోటులో మునుగుతాయి, పాటులో తేలతాయి. ఆ వేళ్ళ మధ్య నీరు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన నీరు ఒండ్రు దించుతుంది. పాపికొండల్లో పరుగెత్తించిన సూత్రమే ఇక్కడ తిరగబడి నేలను కడుతోంది. గోదారి తెచ్చిన ఇసుక అల తాకిడికి ఉత్తరంగా జరిగి కాకినాడ ముందు పదహారు కిలోమీటర్ల పొడవున తిన్నెగా పెరిగింది, దాని కొస హోప్ ఐలాండ్. 1839 నవంబరు తుపాను ఉప్పెనలో కొట్టుకుపోయిన కోరంగి రేవుకు ఇంత అడ్డు ఉండేది కాదు. ఎగువన ఆనకట్టలు పెరిగాక ఇప్పుడు డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గింది. చివరి అంచుల్లో కొన్నిచోట్ల సముద్రమే ముందుకొస్తోంది.

ఈ పాయల్లో కొత్తవాళ్ళు ఒంటరిగా తిరగకూడదు. దారి తప్పడం చిన్న సంగతి. పాటు మొదలయ్యాక పాయ గంటలోపే బురదగా మిగిలిపోవచ్చు. దిగి నడుద్దామంటే మోకాలి పైదాకా కూరుకుపోతుంది, అడుగున ఆల్చిప్పల అంచులు కత్తుల్లాంటివి. పడవలోనే కూర్చుని మళ్ళీ పోటు తగిలేదాకా కాచుకోవాలి. అందుకే పోటు సగం ఉండగానే లోపలికి పోయి, నీరు నిలిచిన ఆ కాసేపట్లో చూడాల్సింది చూసి, పాటు మొదలవుతూనే వెనక్కి తిరగాలి.